అడిగితే అప్పు, అడక్కపోతే అద్దె

కాలిఫోర్నియా ప్రభుత్వం ప్రజల్ని అడక్కుండా చేయగలిగిన అప్పు మూడు లక్షల డాలర్లు. సున్నాలేమైనా రాలిపోయాయేమోనని వెతక్కండి, అంతే. సన్నీవేల్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఇల్లు కొనుక్కున్న మన గుంటూరు కుర్రాడు బ్యాంకుకు పడిన బాకీ దీనికి రెండు మూడింతలుంటుంది. ప్రపంచంలో కొద్ది దేశాలకు తప్ప మరెవరికీ తీసిపోని ఆర్థిక వ్యవస్థను ఏలుతున్న సర్కారు కంటే, నెలనెలా జీతం రాళ్లు లెక్కపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికే అప్పు చేసుకునే స్వాతంత్ర్యం ఎక్కువన్నమాట.

ఈ నిబంధన ఏ పాత గెజిట్‌లోనో మూలపడి లేదు. ఆ రాష్ట్ర రాజ్యాంగం పదహారో అధికరణం మొదటి సెక్షన్‌లో ఇవాళ్టికీ కొలువుదీరి ఉంది. ఆ గీత దాటాలంటే ముందు చట్టసభల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, ఆనక ఓటరు ఒప్పుకోవాలి. శత్రువు దండెత్తి వస్తేనో, తిరుగుబాటు రేగితేనో మాత్రం అడగనక్కర్లేదు. 1849లో మాంటెరేలో కూర్చుని మొదటి రాజ్యాంగం రాసుకున్నవాళ్లు పెట్టిన కట్టడి ఇది. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. అంతకు ముందు పెన్సిల్వేనియా, మేరీలాండ్, మిసిసిపి లాంటి రాష్ట్రాలు కాలువలన్నాయి, రైళ్లన్నాయి, బ్యాంకులన్నాయి. బాండ్లు రాసిచ్చి ఎడాపెడా డబ్బు తెచ్చాయి. 1837 సంక్షోభం వచ్చిపడ్డాక చేతులెత్తేశాయి. ఆ సంబడం చూసి ఉన్నారు కాబట్టే, బంగారం దొరికిన గడ్డ మీద కూర్చుని కూడా వాళ్లు జేబు కుట్టేసుకున్నారు.

గీత గీసిన ఎనిమిదేళ్లకల్లా అప్పు దాన్ని ఎన్నో రెట్లు దాటిపోయి కూర్చుంది. కోర్టు చెల్లదు పొమ్మంది. 1857లో సర్కారు జనం దగ్గరికి వచ్చి, అయ్యా, చెల్లని అప్పు చేశాం, డబ్బు ఖర్చయిపోయింది, తీర్చమంటారా వద్దా అని అడిగింది. జనం పరువుకు పోయి తీర్చమన్నారు. అప్పు సంగతి ప్రజల్ని అడగడమనే ఘనమైన సంప్రదాయానికి ఆ రాష్ట్రంలో అలా శ్రీకారం చుట్టారు. ఖర్చు ముందు, అనుమతి తర్వాత.

ఇంత గట్టి గీత ఉన్నాక ఆ ప్రభుత్వం అప్పుల్లేకుండా బతుకుతోందని అనుకుంటే మీరు ప్రభుత్వాల్నీ ఎరగరు, లాయర్లనూ ఎరగరు. రాజ్యాంగంలో గీత చెరపడం కష్టం. గీతకు అవతల ఉన్నది అప్పు కాదని నిరూపించడం తేలిక. వంతెన మీద టోలో, కరెంటు బిల్లో, నీటి చార్జీయో ఏదో ఒక ఆదాయం చూపించి, 'దీంట్లోంచే తీరుస్తాం, ఖజానా జోలికి రాం' అంటే రాజ్యాంగం లెక్కలో అది అప్పు కాదు. దాన్ని రెవెన్యూ బాండు అంటారు. ఓటరుతో పనిలేదు. ఇంతవరకూ కాస్త న్యాయం ఉంది. వంతెన ఎక్కినవాడు కడతాడు, ఎక్కనివాడికి సంబంధం లేదు.

ఆపైన బుర్రలు పదునెక్కాయి. జైలుకు టోలుగేటు పెట్టలేరు. లోపలికి పోతూ ఖైదీ టికెట్టు కొనడు. అయినా జైళ్లు కట్టాలి. 1990 నవంబరులో ప్రపొజిషన్ 144 అనే బ్యాలెట్ ప్రశ్నతో జైళ్ల బాండ్లకు అనుమతి అడిగితే జనం కుదరదన్నారు. జనం కుదరదన్నది అప్పుకు. అద్దెకు కాదుగా! ఇక్కడే లీజ్ రెవెన్యూ బాండనే విద్య అక్కరకొచ్చింది. పద్ధతి చెబుతాను, నెమ్మదిగా వినండి, కంగారుపడితే బోధపడదు. స్టేట్ పబ్లిక్ వర్క్స్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ బాండ్లు అమ్మి జైలు కడుతుంది. దాన్ని ప్రభుత్వంలోనే ఉన్న జైళ్ల శాఖకు అద్దెకిస్తుంది. జైళ్ల శాఖ ప్రభుత్వ ఖజానాలోంచి డబ్బు తీసి ఏటా అద్దె కడుతుంది. ఆ అద్దెతో బోర్డు బాండ్లు తీరుస్తుంది. కట్టించింది ప్రభుత్వం, అద్దెకు దిగింది ప్రభుత్వం, అద్దె ఇచ్చేదీ పుచ్చుకునేదీ ప్రభుత్వం. అప్పు మాత్రం ఎవరికీ లేదు. ఏ ఏడాది అద్దె ఆ ఏడాదిదే, అద్దింట్లో ఉండటం అప్పెలా అవుతుందండీ అని వాదన. 2007లో ఏబీ 900 అనే ఒక్క చట్టంతో ఇలా 740 కోట్ల డాలర్ల అద్దె బాండ్లకు తలుపు తెరిచారు. ఇది రాజ్యాంగం కళ్లలో కారం కొట్టడమేనని పన్ను కట్టేవాళ్లు కోర్టుకెక్కారు. రాజ్యాంగం కళ్లు చల్లగానే ఉన్నాయని 2009లో అప్పీలు కోర్టు తేల్చింది.

బాండ్లు కొనే షావుకారికి మాత్రం ఈ అద్వైతం ఒంటబట్టదు. ఓటరు అనుమతితో, ఖజానా పూచీతో వచ్చే బాండు మీద కంటే ఈ అద్దె బాండు మీద వడ్డీ రవ్వంత ఎక్కువే పుచ్చుకుంటాడు. ప్రజల్ని అడగకపోవడానికి ఒక రుసుముందన్నమాట. ఆ రుసుము కట్టేది ఎవరో వేరే చెప్పాలా? ఎవర్ని అడగలేదో వాళ్లే.

పాపం ఓటరు అని జాలిపడబోతున్నారేమో, కాస్త ఆగండి. ఓటరుగారు తక్కువ తిన్నవారేం కాదు. 1978లో ప్రపొజిషన్ 13 తెచ్చి ఆస్తిపన్ను ఒక శాతం దాటరాదని శాసించారు. రాష్ట్ర పన్నులు పెంచాలంటే మూడింట రెండు వంతుల సభ ఒప్పుకోవాలని కట్టేశారు. బళ్లు కావాలి, రోడ్లు కావాలి, నిప్పంటుకుంటే ఫైరింజను నిమిషంలో రావాలి, పన్ను అడిగితే మాత్రం పళ్లు రాలగొడతారు. 2003లో గవర్నర్ గ్రే డేవిస్ హయాంలో కారు లైసెన్సు ఫీజు పెరిగితే ఆయన్ని మధ్యలోనే దించేశారు (నేరాలు ఇంకా చాలా మోపారు గానీ, కారు సంగతే జనానికి బాగా గుచ్చుకుంది). ఆ పీఠం మీదికి సినిమాల్లోంచి ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ వచ్చాడు. సినిమావాళ్లు సరాసరి ముఖ్యమంత్రులు కావడం మనకు కొత్త కాదు కాబట్టి ఆ వైభవం వర్ణించను. ప్రమాణం చేసిన నవంబరు 17నే కారు ఫీజు పెంపు రద్దు చేశాడు. ఏటా దాదాపు 400 కోట్ల డాలర్లు ఆ ఒక్క సంతకంతో ఎగిరిపోయాయి. ఖజానాకు అప్పటికే పెద్ద చిల్లుంది. ఆ చిల్లు పక్కన ఈయన ఇంకోటి పెట్టి, పూడ్చడానికి అప్పు కావాలన్నాడు.

దించేసిన పాత ప్రభుత్వం 1070 కోట్ల డాలర్ల లోటు బాండ్లను జనాన్ని అడక్కుండానే తేవాలని చూసింది. అది కోర్టులో నిలుస్తుందో లేదోనని అందరికీ గుబులే. కొత్తాయన ధైర్యవంతుడు, జనాన్నే అడిగాడు. 2004 మార్చి 2న బ్యాలెట్ మీద రెండు ప్రశ్నలు పెట్టాడు. ప్రపొజిషన్ 57: గడిచిన లోటు పూడ్చడానికి 1500 కోట్ల డాలర్ల అప్పు చేయనిస్తారా? ప్రపొజిషన్ 58: ఇకమీదట లోటు పూడ్చడానికి ఇలాంటి అప్పు ఎవరూ ఎన్నడూ చేయకుండా నిషేధిస్తారా? పైగా రెంటికీ ముడి వేశారు. రెండూ గెలిస్తేనే రెండూ చెల్లుతాయి. అప్పు మానేస్తానని ఒట్టేయాలంటే ముందు అప్పివ్వాలి. క్రెడిట్ కార్డు ముక్కలు చేసి పారేద్దామని గవర్నరు ఊరూరా తిరిగి చెప్పాడు. ఆఖరిసారి గీకాక అన్నమాట. మొదటిదానికి 63 శాతం, రెండోదానికి 71 శాతం మంది సై అన్నారు. అప్పుకు జై కొట్టినవాళ్ల కంటే అప్పు వద్దని జై కొట్టినవాళ్లే ఎక్కువని గమనించగలరు. అదీ నైతిక విజయం.

ఆ బాండ్లలో 1090 కోట్లు 2004లో అమ్మారు. ఇంకో 320 కోట్లు దాచుకుని దాచుకుని 2008లో అమ్మారు. అమ్మకపు పన్నులో డాలరుకు పావు సెంటు వీటికి రాసిచ్చారు. ఆ బాకీ 2015లో గానీ తీరలేదు. వంతెన కట్టలేదు, బడి కట్టలేదు, ఒక్క ఇటుక పేర్చలేదు. 2004కు ముందు తిన్న అన్నానికి, 2015 దాకా సబ్బులూ చెప్పులూ కొన్న ప్రతివాడూ పావు సెంటు చొప్పున కడుతూ వచ్చాడు.

మరి కార్డు చింపేశాక ఏం చేశారు? 2009 మే 19న మళ్లీ బ్యాలెట్ పట్టుకొచ్చారు. ఈసారి ఆరు ప్రశ్నలు. అందులో ప్రపొజిషన్ 1సీ నాకు మహా ఇష్టం. రాష్ట్ర లాటరీకి ముందుముందు రాబోయే లాభాల మీద ఇప్పుడే 500 కోట్ల డాలర్ల అప్పు తెస్తామన్నారు. దానికి పెట్టిన పేరు 'లాటరీ ఆధునికీకరణ చట్టం'. లాటరీ తగులుతుందన్న ధీమాతో అప్పు చేసేవాణ్ణి మన వీధిలోనూ చూస్తాం. లాటరీ నడిపేవాడే ఆ పని చేయబోవడం అక్కడే చూశాం. సుమారు 64 శాతం మంది ఛీ పొమ్మన్నారు. మిగతా నాలుగూ అదే గతి పట్టాయి. ఆరింటిలో ఒకే ఒక్కటి, 1ఎఫ్, బ్రహ్మాండంగా గెలిచింది. లోటున్న సంవత్సరాల్లో ఎమ్మెల్యేలకూ గవర్నరుకూ జీతాలు పెంచకూడదట. ఖజానాకు అందులో మిగిలేది చిల్లర. ఓటరు గుండెకు దక్కిన చల్లదనానికి మాత్రం వెలకట్టలేం.

ఆరు వారాలు తిరిగాయి. జూలై 2న సర్కారు దగ్గర నగదు నిండుకుంది. కాంట్రాక్టర్లకు బిల్లుల బదులు, పన్నులో ఎక్కువ కట్టినవాళ్లకు తిరిగి రావాల్సిన డబ్బు బదులు, 3.75 శాతం వడ్డీతో ప్రామిసరీ నోట్లు రాసి పోస్టులో పంపింది. అటూ ఇటూగా నాలుగున్నర లక్షల కాగితాలు, 260 కోట్ల డాలర్లు. నాకు దొరికిన ఆణిముత్యం ఇది. రాష్ట్రం అప్పు చేయాలంటే ఓటరును అడగాలని కదా రాజ్యాంగం! ఇక్కడ అప్పిచ్చిన షావుకారే ఓటరు. అతన్ని అడగలేదు సరికదా, అప్పిచ్చినట్టు అతనికి కవరు చింపాకే తెలిసింది.

ఇన్నేళ్ల వైభవం చూసి విసిగిపోయిన ఒక పెద్దమనిషి 2016లో బరిలోకి దిగాడు. స్టాక్టన్‌కు చెందిన డీన్ కోర్టోపాసి, టమాటాల మీద గడించిన ఆసామి. రాష్ట్రం 200 కోట్ల డాలర్లు దాటిన రెవెన్యూ బాండ్లు జారీ చేయాలంటే అవి కూడా ఓటరు దగ్గరికి రావాల్సిందేనని ప్రపొజిషన్ 53 తెచ్చాడు. సొంత డబ్బు లక్షల డాలర్లు గుమ్మరించాడు. ప్రజాస్వామ్యం మీద ప్రేమే కావచ్చు. ఆయన పొలాలున్న డెల్టా నీటిని దక్షిణాదికి పట్టుకుపోయే రెండు భారీ సొరంగాలు రెవెన్యూ బాండ్ల మీదే ఆధారపడటం కూడా కావచ్చు. మన కృష్ణా, గోదావరి డెల్టాల రైతుకు ఈ రెండో ప్రేమ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఎదురు నిలబడ్డది గవర్నర్ జెర్రీ బ్రౌన్. ఈయన సంగతి చూడండి. పాత పాలకులు వదిలేసిన బకాయిలకు 'అప్పుల గోడ' అని పేరుపెట్టి ఊరంతా దండోరా వేసింది ఈయనే. ప్రజల్ని అడక్కుండా కొత్త పన్ను వేయనని 2010 ఎన్నికల్లో మాటిచ్చిందీ, మాట ప్రకారం 2012లో అడిగి వేసిందీ ఈయనే. అదే మనిషి, అప్పు దగ్గరికి వచ్చేసరికి అడగడం ప్రమాదకరమన్నాడు. అడిగితే సొరంగాలు ఆగుతాయి, 2008లో జనం 995 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటేసిన బుల్లెట్ రైలు ఆగుతుంది, భూకంపం వస్తే బాగుచేసుకోలేం అని భయాలు పుట్టించారు. ఆ రైలు ఇప్పటికీ ప్రయాణికుణ్ణి ఎక్కించుకోలేదు కాబట్టి, ప్రపొజిషన్ 53 ఓడిపోయినా అది ఆగే ఉంది. ఫైర్ సిబ్బంది సంఘం కూడా వద్దనే పక్షాన నిలబడింది. హెల్మెట్ పెట్టుకున్నవాడు టీవీలో కనబడి వద్దంటే అమెరికాలో ఎంతటివాడైనా వణుకుతాడు.

ఆ నవంబరులో ఓటరు చేతికి 224 పేజీల గైడు ఇచ్చారు. పదిహేడు ప్రశ్నలు. గంజాయి తాగనివ్వాలా, మరణశిక్ష ఉంచాలా తీయాలా, ప్లాస్టిక్ సంచులు ఆపాలా, నీలిచిత్రాల నటులు కండోమ్ వాడాలా అన్నవాటి నడుమ ఎక్కడో, సర్కారు అప్పును ఎవరు అదుపు చేయాలన్న ప్రశ్న. దాని ఆర్థిక ప్రభావం ఎంతంటే తెలియదని సర్కారీ నిపుణులే రాశారు. 'ప్రాజెక్టు' అంటే ఏమిటో అందులో నిర్వచించలేదనీ వాళ్లే రాశారు. ఇంకేముంది, ఒక ప్రాజెక్టును పది ముక్కలు చేస్తే పది చిన్న ప్రాజెక్టులు. జైలుకు అద్దె కట్టుకోవడం కనిపెట్టిన బుర్రలకు ఇదొక లెక్కా?

ఓట్లు లెక్కపెడితే వద్దన్నవాళ్లు 50.6 శాతం, కావాలన్నవాళ్లు 49.4. అంటే, అప్పు చేసేముందు మమ్మల్ని అడగొద్దని ప్రజలు ఓటేసి చెప్పారు. అడగొద్దని చెప్పడానికి కూడా ముందు అడగాల్సి రావడం ప్రజాస్వామ్యానికి పుట్టిన కష్టం. అదే కాగితం మీద, అదే చేత్తో, ప్రపొజిషన్ 51 కింద బళ్ల కోసం 900 కోట్ల డాలర్ల బాండ్లకు మాత్రం టిక్కు పెట్టారు. వడ్డీ 860 కోట్లు కలిసి మొత్తం 1760 కోట్లు, ఏటా 50 కోట్ల చొప్పున 35 ఏళ్లు కట్టాలని గైడులోనే అచ్చేశారు. ఆ పేజీ దాకా చదివినవాళ్లెందరో ఆ దేవుడికే తెలియాలి. సొరంగాల కథకు కొసరు కూడా ఉంది. రెండు కాస్తా ఒకటైంది. ఆ ఒక్కదాని బాండ్లూ జారీ చేసే అధికారం జలవనరుల శాఖకు లేదని 2024 జనవరిలో రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలోని కోర్టు చెప్పింది. కోటీ ముప్ఫై లక్షల మంది తేల్చలేనిది ఒక జడ్జి తేల్చాడు.

ఇదంతా చదివి మనవాళ్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వాల్సింది కాలిఫోర్నియావాళ్లు. అక్కడ మోసపుచ్చడానికైనా ఓటరు గడప తొక్కాలి. మన దగ్గర రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం అప్పు చేయాలంటే, కేంద్రానికి పాత బాకీ ఉన్నంతకాలం, ఢిల్లీ అనుమతి చాలు. ఓటరు ఊసు లేదు. ఇచ్చేవాటి జాబితాతో మేనిఫెస్టో ఇంటికొస్తుంది, తెచ్చేచోటి అడ్రసు అందులో ఉండదు. విద్య మాత్రం అదే. శాక్రమెంటోలో బోర్డు, ఇక్కడ కార్పొరేషన్. తెలంగాణలో కాళేశ్వరానికొక కార్పొరేషన్, మంచినీళ్లకొక కార్పొరేషన్. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పుట్టిన స్టేట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, మద్యం మీద రాబోయే ఆదాయం చూపించి బ్యాంకుల దగ్గర తెచ్చింది. కాలిఫోర్నియా జనం కొనబోయే లాటరీ టికెట్ల మీద అప్పు వద్దనగలిగారు. మనం తాగబోయే మందు మీద అప్పు తెస్తుంటే, తాగేవాణ్ణి కూడా అడగలేదు. బడ్జెట్ డబ్బుతో తీర్చే కార్పొరేషన్ అప్పు రాష్ట్రం అప్పేనని 2022లో కేంద్రం కన్నెర్రజేసింది. ఆహార సబ్సిడీ బాకీని ఫుడ్ కార్పొరేషన్ నెత్తిన అప్పుగా పెట్టి ఏళ్లూ పూళ్లూ దాటించిన కేంద్రమే అది. గురువుగారికి శిష్యుల మీద కోపం.

అందుకే మన దగ్గర అప్పెంతో తెలియాలంటే ప్రభుత్వం మారాలి. 2023 డిసెంబరులో తెలంగాణ కొత్త సర్కారు శ్వేతపత్రం వేసి 6,71,757 కోట్లంది. దిగిపోయినవాళ్లు నాలుగు రోజుల్లో 'స్వేదపత్రం' వేసి, మేం చెమటోడ్చి ఆస్తులు కూడబెట్టాం, అది అప్పు కాదన్నారు. 2024 జూలైలో అమరావతి శ్వేతపత్రం దాదాపు 9.74 లక్షల కోట్లంది. అవతలివాళ్లు ఆ లెక్కే తప్పన్నారు. ఎక్కేటప్పుడు దిగినవాళ్ల కార్పొరేషన్లన్నీ అప్పులు. దిగేటప్పుడు మనవన్నీ ఆస్తులు. రేపు ఇక్కడ కూడా ఓటింగ్ పెట్టారే అనుకుందాం. బ్యాలెట్ కాగితం ఎంత పెద్దదైనా, దాని మీద ఏది అప్పో ఏది కాదో నింపే కలం అప్పు చేసేవాడి చేతిలోనే ఉంటుంది. కాలిఫోర్నియాలో 1849 నుంచీ జరుగుతున్నది అదే.

రాష్ట్రాల అప్పుల వేలం రిజర్వు బ్యాంకు మామూలుగా మంగళవారాల్లో పెడుతుంది. మంగళవారం తెచ్చిన అప్పు తీరదని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఆ శాస్త్రం తెలిసిన ఆర్థిక మంత్రులు కూడా వారం తప్పకుండా వెళుతూనే ఉన్నారు. బిడ్లు వేసే కంప్యూటర్ వ్యవస్థ పేరు ఈ-కుబేర్. పెళ్లికని కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పుకు కలియుగాంతం దాకా వడ్డీ కడుతున్నది మన వెంకన్న. హుండీలో వేసేది మనం. ఉదయం పదిన్నరకు తలుపు తెరుస్తారు, పదకొండున్నరకు మూస్తారు. ఓటరు గుర్తింపు కార్డు తేనవసరం లేదు.